వర్తకమునకు మాటయే మూలధనము

వర్తకము చేయగోరువారు డబ్బును గూర్చి యాలోచింతురు, సరకును గూర్చి యాలోచింతురు, ఆ సరకు నుంచుటకు చోటును గూర్చి యాలోచింతురు. కొనువారితో మాటలాడు తీరును గూర్చి ముందుగా నాలోచించువారు మాత్రము మిక్కిలి యరుదు. సరకు మంచిదైనచో మాటతో పనియేమి యని కొందరును, మాట తియ్యనిదైనచో సరకెట్టిదైన నేమి యని కొందరును తలంతురు. ఈ రెండు తలంపులును పొరపాటులే. నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఊరికి మనయెడ నమ్మక మున్నప్పుడే అమ్మకము సాగును. ఆ నమ్మకము చెడినచో ఎంత మంచి సరకైనను జాడీలోనే యుండిపోవును.

నేడు మన సోదరీమణులలో పెక్కుమంది యింటిపట్టున నుండియే పచ్చళ్ళు, పొడులు, అప్పడములు, పిండివంటలు చేసి యమ్ముచున్నారు. చీరలు తెప్పించి యమ్మువారును, రవికలు కుట్టి యిచ్చువారును గలరు. వీరిలో ననేకులకు కొట్టు లేదు, గుమాస్తా లేడు. చేతిలోని ఫోనే కొట్టు, తామే గుమాస్తాలు. కొనువారు హైదరాబాదున నుండవచ్చును, అమెరికాలో నుండవచ్చును. వారు మన ముఖ మెరుగరు. మన వంటయిల్లు చూచినవారు కారు. వారెరిగినది మన మాట యొక్కటియే. ఆ మాటపై గురి తప్పినచో పోవునది యొక దినపు అమ్మకము మాత్రమే కాదు. పిల్లల ఫీజులకును, ఇంటి యద్దెకును ఆధారమైన రాబడియే పోవును. అందుచే నీ విషయమును గూర్చి పాఠకురాండ్రకు కొన్ని సంగతులు మనవి చేయ దలచితిమి.

పెద్ద సంస్థలవారు దీనికి పబ్లిక్ రిలేషన్సు అని పేరిడి, ప్రత్యేకముగా నుద్యోగులను నియమించుకొందురు. తెలుగున దీనిని ప్రజాసంబంధము లందురు. ఇది ప్రకటన వంటిది కాదు. ప్రకటనయందు మన సరకును మనమే పొగడుకొందుము. ప్రజాసంబంధ మనగా, మనము లేనిచోట నలుగురు మనలను గూర్చి మంచిగా చెప్పుకొనునట్లు నడచుకొనుట. నడచుకొన్న తీరును దాపరికము లేక తెలియజేయుట. నడత ముందు, మాట తరువాత. ఈ వరుస తారుమారైనచో అది వట్టి డంబ మగును.

మంచి దినములలో

ఇందులకు మన తెలుగువారి యందే యొక చక్కని యుదాహరణము కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893వ సంవత్సరమున బొంబాయి నగరమున అమృతాంజనమును నెలకొల్పిరి. అప్పటికి దాని పేరు నెరిగినవారు లేరు. పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టించిరి. తలనొప్పి తగ్గినవారు తమ యిండ్లకు పోయి యిరుగుపొరుగులకు చెప్పిరి. వేయి ప్రకటనలు చేయజాలని పని వాడి చూచినవారి మాట చేసెను. ఆ వర్తకమున వచ్చిన ధనముతోనే వారు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించి తెలుగుజాతికి సేవ చేసిరి. సరకుపై నమ్మకము గలవాడు దానిని రుచి చూపుటకు వెనుదీయడని దీనివలన తెలియుచున్నది.

ఆడువారు నడపు వర్తకములలో లిజ్జత్ అప్పడముల సంస్థను చెప్పవలెను. 1959 మార్చి 15వ తేదీన బొంబాయిలోని గిర్గావున నేడుగురు గృహిణులు, 80 రూపాయలు అప్పు తెచ్చుకొని, మేడపైన అప్పడము లొత్తుటకు మొదలుపెట్టిరి. తొలుత వారు మేలురక మొకటియు, చౌకరక మొకటియు చేయుచుండిరి. వారికి పెద్దదిక్కుగా నుండిన ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ గారు చౌకరకము మానుడని, గుణమున నెన్నడును తగ్గవలదని బోధించిరి. వారట్లే చేసిరి. ఏడుగురితో మొదలైన యా సంస్థ పెరిగి పెరిగి 40,000 మందికి పైగా స్త్రీలకు జీవనాధార మయ్యెను. స్థాపకురాండ్రలో నొకరైన జస్వంతీబెన్ జమునాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ బిరుదము లభించెను. ఒకే పేరుతో రెండురకముల సరకు నమ్మినచో కొనువారికి ఆ పేరు దేనికి గుర్తో తెలియకపోవును గదా! పేరునకు ఒకే యర్థ ముండవలెనని ఆ తల్లులు మొదటనే గ్రహించిరి.

కష్ట దినములలో

మంచి దినములలో మాట మంచిగా నుండుట గొప్ప కాదు. పొరపాటు జరిగిననాడు, నింద వచ్చిననాడు మాట యెట్లున్నదో చూడవలెను. ఆనాడు మనుష్యునకు సహజముగా రెండు బుద్ధులు పుట్టును: దాచుద మనునది యొకటి, ఇతరులపై త్రోయుద మనునది యొకటి. ఈ రెండును వర్తకమునకు శత్రువులు.

ఈ విద్యకు తొలి గురువులలో ఐవీ లీ అను అమెరికా దేశస్థు డొకడు. ఆ కాలమున రైలుకంపెనీలవారు ప్రమాదము జరిగినచో పత్రికలవారిని దరిజేరనీయక సంగతులను మరుగుపరచెడివారు. 1906 అక్టోబరు నెలలో అట్లాంటిక్ సిటీయొద్ద పెన్సిల్వేనియా రైలుకంపెనీవారి బండి వంతెనపైనుండి నీటిలో పడి, 50 మందికి పైగా మరణించిరి. అప్పుడు లీ కంపెనీవారిచేతనే జరిగినది జరిగినట్లు వ్రాయించి పత్రికలకు పంపెను. విలేఖరులను అచ్చటికి పిలిపించి చూపెను. నిజము మన నోటనుండి రాకపోయినచో వదంతి పదినోళ్ళనుండి వచ్చునని అతడెరుగును.

దీనికి మించిన పరీక్ష 1982లో వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు చివర షికాగో నగరప్రాంతమున టైలినాల్ అను నొప్పిమందు క్యాప్సూళ్ళు మ్రింగి యేడుగురు మరణించిరి. ఎవరో దుర్మార్గులు అంగళ్ళలోని సీసాలు విప్పి క్యాప్సూళ్ళలో సయనైడు విషము కలిపి మరల నుంచిరి. వారెవరో నేటికిని తేలలేదు. ఆ మందు చేయు జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థవారి కార్ఖానాలో లోపమేమియు లేదు. మాకు సంబంధము లేదని వారు చేతులు దులుపుకొన్నను న్యాయముగ తప్పుపట్టువారు లేరు. కాని సంస్థ యధ్యక్షుడగు జేమ్స్ బర్క్ ఆ దారి త్రొక్కలేదు. ఆ క్యాప్సూళ్ళను వాడవలదని జనులను హెచ్చరించిరి, ప్రకటనలు నిలిపివేసిరి, అడుగువారికి జవాబు చెప్పుటకు ఉచిత టెలిఫోను నేర్పరచిరి, దేశమంతటి నుండియు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనుకకు తెప్పించిరి. దీనివలన వారికి 10 కోట్ల డాలర్లకు పైగా నష్టము కలిగెను. పిమ్మట, ఎవరైన విప్పినచో వెంటనే తెలియునట్లు మూడు విధముల మూసిన సీసాలతో ఆ యేడే మందును మరల తెచ్చిరి. ఇక నీ మందు బ్రతుకదని పలువు రనుకొన్నను, ఒక సంవత్సర మించుమించుగా గడచునప్పటికి జనులు దానిని మరల కొనసాగిరి.

ఇచ్చట మనము గమనింపవలసినది వారు పోగొట్టుకొన్న సొమ్ము కాదు, వారి వరుస. తమ నిర్దోషిత్వమును స్థాపించుకొనుట తరువాతి పనిగాను, ప్రాణము కాపాడుట మొదటి పనిగాను వారెంచిరి. తొలిమాట తినువాని క్షేమమునకు. మలిమాట మన గౌరవమునకు. మేము చెప్పదలచిన దంతయు నీ యొక్క వాక్యములో నున్నది.

వరుస తప్పిన కథయు నొకటి చెప్పవలెను. 1990 ఫిబ్రవరిలో ఫ్రాన్సు దేశపు పెరియే అను సీసా నీటిలో బెంజీను అను హానికర పదార్థము స్వల్పముగా నున్నట్లు అమెరికాలో కనుగొనిరి. కంపెనీవారు అమెరికాకు పంపు సీసాల నింపుచోట శుభ్రము చేయుటలో జరిగిన పొరపాటని, తక్కిన దేశముల నీటికి భయము లేదని తొందరపడి చెప్పిరి. కొలది దినములలోనే యూరపు సీసాలలోను అదియే కనబడెను. నీటిలో కలియు వాయువునందు సహజముగా నుండు బెంజీనును వడగట్టు సాధనములను సకాలమున మార్చకపోవుటయే నిజమైన కారణమని తేలెను. లోకమంతటి నుండియు 16 కోట్ల సీసాలను వెనుకకు తెప్పింపవలసి వచ్చెను. నీటివలన వచ్చిన నింద యొకటి. తెలియని కారణమును తెలిసినట్లు చెప్పుటవలన వచ్చిన నింద మరియొకటి. "కారణ మింకను తెలియలేదు, విచారించుచున్నాము" అనుట అవమానము కాదు. చెప్పిన కారణమును మరునాడు మార్చుకొనుట యవమానము.

మన దేశమునకు వత్తము. 2003 అక్టోబరులో, దీపావళి ముందర, క్యాడ్‌బరీవారి డెయిరీ మిల్క్ చాకొలెట్లలో పురుగులున్నవని మహారాష్ట్ర ఆహార ఔషధ పరిపాలనశాఖవారు వెల్లడించిరి. పిల్లలచేతికి మిఠాయి యిచ్చు తల్లు లెంత కలవరపడిరో చెప్పనక్కరలేదు. సంస్థవారు మొదట, కార్ఖానాలో దోషము లేదు, అంగళ్ళవారు సరిగా నిలువచేయకపోవుటయే కారణమనిరి. అట్లయిన మీరు చుట్టు కాగితము పురుగునకు లొంగని దెందులకు చేయలేదని శాఖవా రడిగిరి. వాదము పెరిగినకొలది అమ్మకము తరిగెను. అప్పుడు సంస్థ వాదము మాని పని చేపట్టెను. విశ్వాస్ అను పేరుతో దాదాపు 1,90,000 మంది అంగళ్ళవారికి నిలువచేయు పద్ధతులు తెలియజెప్పించిరి. 2004 జనవరిలో మునుపటికంటె గట్టిదైన క్రొత్త చుట్టుతో చాకొలెట్లు తెచ్చిరి. అమితాబ్ బచ్చన్ గారిని ప్రచారకర్తగా నియమించిరి. జనులు మరల నమ్మిరి. క్రొత్తచుట్టు లేక అమితాబు గారు మాత్రమే వచ్చియున్నచో జనులు నమ్మియుందురా? చేతికి కనబడు మార్పు లేనిదే నోటిమాట చెల్లదు.

తుదకు మ్యాగీ కథ. ఉత్తరప్రదేశమునందలి బారాబంకిలో పట్టిన మచ్చునుండి మొదలైన విచారణ, సీసము హద్దు మీరినదను పరీక్షాఫలితముతో దేశమంతట ప్రాకెను. 2015 జూన్ 5వ తేదీన ఆహారభద్రతా ప్రాధికారసంస్థవారు దాని యమ్మకమును నిషేధించిరి. ఆ ముందువారములలో నెస్లే సంస్థవారు తమ పరీక్షలలో దోషము లేదను ధైర్యముతో మితముగా మాత్రమే మాటలాడిరి. తల్లులకు గల భయమునకు తగినంత సమాధానము రాలేదు. సంస్థ 27,000 టన్నులకు మించిన సరకును నాశనము చేయవలసి వచ్చెను. ఆగస్టు 13వ తేదీన బొంబాయి హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసెను. మరల చేయించిన పరీక్షలలో నెగ్గి, నవంబరులో మ్యాగీ తిరిగి అంగళ్ళకు వచ్చెను. న్యాయస్థానమున గెలుచుట వేరు, వంటయింటిలో గెలుచుట వేరు. మనపక్షమున నిజ మున్నను, దానిని భయపడువారికి తెలియు భాషలో, సకాలమున చెప్పకపోయినచో ఆ నిజము మనలను కాపాడజాలదు.

మన యింటి వర్తకములో

కోట్ల సీసాల సంగతి పదిజాడీలవారి కేల యని పాఠకురాం డ్రడుగవచ్చును. 2025 ఏప్రిల్ నెలలో మన తెలుగునాట జరిగిన సంగతి పలువురికి జ్ఞాపక ముండును. పచ్చళ్ళమ్ము నొక సంస్థనుండి, ధర యెక్కువగా నున్నదన్న కొనుగోలుదారునకు దుర్భాషతో నొక శబ్దసందేశము పోయెను. అది ఫోనునుండి ఫోనునకు ప్రాకి, కొలది దినములలో రాష్ట్రములు దాటెను. ఆ సంస్థ యమ్మకమే నిలిచిపోవలసి వచ్చెను. పచ్చడి రుచిని గూర్చి యెవరును విచారింపలేదు. ఒకరితో ననిన మాట నేడు ఒకరితో ఆగదు. తుడిచివేసిన మాటకు నకలు మరియొకరియొద్ద నుండును. కోపము వచ్చినపుడు ఫోను క్రిందనుంచి, మంచినీళ్ళు త్రాగి, గంట తరువాత జవాబిచ్చుట నేర్చుకొనవలెను.

ఇక ఫిర్యాదు వచ్చినపుడు ఏమనవలెనో చూతము. ఒక సోదరి యావకాయ పెట్టి అమ్మినదనుకొందము. పదిదినముల తరువాత, "అమ్మా, మీరు పంపిన ఆవకాయ పైన బూజు కనిపిస్తోంది" అని యొకరు తెలిపిరి. సాధారణముగా వచ్చు జవాబిది: "పదేళ్ళనుంచి పెడుతున్నామండీ, ఇంతవరకు ఎవ్వరూ ఇలా అనలేదు. మీరే తడిగరిటె పెట్టి ఉంటారు." ఇందులో ప్రతిమాటయు నిజమే కావచ్చును. కాని విన్నవారికి తోచునది వేరు: నీవు అబద్ధమాడుచున్నావు, నీవు వంటయింటి శుభ్రత యెరుగవు అని. క్యాడ్‌బరీవారు మొదట చేసినదియు నిదియే గదా!

మంచి జవాబు ఇట్లుండును: "చెప్పి మంచిపని చేశారండీ. దయచేసి దాన్ని ఇక తినకండి. సీసామీద ఉన్న తేదీ, జాడీ నెంబరు చెప్పండి. ఎలా జరిగిందో చూసి సాయంత్రం ఆరు గంటలలోపు నేనే ఫోను చేస్తాను. మీ డబ్బు మాత్రం ఇప్పుడే తిరిగి పంపుతాను." ఇందు మొదటిమాట తినువారి క్షేమమునకు వచ్చినది. తెలియని కారణము చెప్పబడలేదు. గడువు చెప్పబడినది, కావున ఆరుగంటలకు కారణము తేలకపోయినను ఫోను చేసి, తేలలేదని చెప్పవలెను. చెప్పిన గడియకు వచ్చిన మాటయే సగము నమ్మకమును నిలుపును.

ఆ జాడీ నెంబరు ఎచ్చటిదని యడుగుదురేమో. దీనికి నోటుపుస్తక మొకటి చాలును. ఏ దినమున ఏ జాడీ పెట్టితిమి, ఉప్పు, కారము, నూనె యెచ్చట కొంటిమి, ఆ జాడీలోనిది ఎవరెవరికి పంపితిమి అని వ్రాసి యుంచవలెను. ముక్కలకు తడి యంటినను, ఉప్పు చాలకపోయినను, నూనె ముక్కలకు పైగా తేలకపోయినను బూజు పట్టు నని వంట యెరిగినవారికి తెలియును. దోషము మన జాడీలోనే యున్నచో, ఆ జాడీలోనిది కొన్న తక్కినవారికి వారడుగక ముందే మనమే తెలుపవలెను. ఆ పుస్తకము లేకపోయినచో అందరిని భయపెట్టవలసి వచ్చును, లేదా యెవరికిని చెప్పక యూరకుండవలసి వచ్చును. రెండును కీడే.

క్షమాపణలోను తేడా కలదు. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" యనునది తప్పు నొప్పుకొనక, బాధపడుటయే వారి తప్పన్నట్లుండును. "ఈ జాడీలో ఉప్పు తగ్గింది, అది మా తప్పు, ఇకమీద ఇలా చేస్తాము" అనునది క్షమాపణము. తప్పు మనది కానప్పుడు లేని తప్పు నొప్పుకొననక్కరలేదు. జాడీనుండి మరియొక మచ్చు తీసి చూచి, ఉన్నది యున్నట్లు నెమ్మదిగా చెప్పిన చాలును.

ధర యెక్కువన్నవారితో వాదింపవలదు. "నువ్వుల నూనెతో పెడతామండీ, అందుకని ఈ ధర. ముందు పావుకిలో తీసుకొని రుచి చూడండి" యనిన చాలును. కొనకపోయినను వారు మనకు శత్రువులు కారు. రేపు మరియొకరికి చెప్పవచ్చును. ఇంటిలో నిద్దరు ముగ్గురు ఫోను చూచువారుండినచో, ఫిర్యాదులకు జవాబిచ్చువా రొక్కరే యుండవలెను. కోడలొక మాట, అత్తగారొక మాట చెప్పినచో రెండును అబద్ధములుగా తోచును. బంధువులచేత కొననివి కొన్నట్లు పొగడ్తలు వ్రాయింపరాదు. మోసపు ప్రకటనలను 2019 వినియోగదారుల రక్షణచట్టము కూడ శిక్షించును.

ఒక్క మాట మాత్రము మరువరాదు. ఓర్పనగా అవమానమును సహించుట కాదు. స్త్రీ యొంటరిగా వర్తకము చేయుచున్నదని యసభ్యముగా మాటలాడువారు లేకపోలేదు. అట్టివారికి తిరిగి తిట్టవలదు, బదులు చెప్పుచు కూర్చుండవలదు. "ఇటువంటి మాటలకు మేము జవాబివ్వము" అని యొక్కసారి చెప్పి, ఆ సందేశమును భద్రపరచి, ఫోను కట్టివేయవలెను. మీరిపోయినచో పోలీసువారికి చూపుటకు ఆ సందేశమే సాక్ష్యము.

సరకు చేయుట చేతిపని. దాని పేరు నిలుపుట నోటిపని. మొదటిది మన గృహిణులకు వెన్నతో పెట్టిన విద్య. రెండవదియు వారికి క్రొత్త కాదు. చుట్టము లలిగినపుడు, పెండ్లిలో లోటు జరిగినపుడు, మాటతో సంసారమును చక్కదిద్దుకొని వచ్చినవారు వారే. ఆ నేర్పునే వర్తకమునకు తెచ్చుకొనిన చాలును. ముందుగా ఆ నోటుపుస్తక మొకటి కొని, నేటి జాడీతోనే వ్రాయుట ప్రారంభింతురని మే మాశించుచున్నాము.